ఇన్నా, ఆనా, ఎట్టా? ఇంగ్లిష్ రాతలో సరైన ప్రిపొజిషన్ ఎంచుకునే పద్ధతి

ఇంగ్లిష్ బాగానే రాయగలిగినవాళ్లు కూడా మెయిల్ పంపే ముందు ఒక్క క్షణం తటపటాయిస్తారు. స్పెల్లింగ్ దగ్గర కాదు, అది తప్పితే కంప్యూటరే ఎర్రగీత గీస్తుంది. టెన్స్ దగ్గర కూడా కాదు, అది స్కూల్లోనే కొంత పట్టుబడుతుంది. ఆగేదల్లా ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్ లాంటి చిన్న ముక్కల దగ్గర. రెండు మూడక్షరాల మాటే, కానీ ఏది పెట్టాలో తేలదు. చివరికి చెవికి ఏది బాగుంటే అది పెట్టేసి పంపేస్తాం.

నేను చాలా ఏళ్లు ‘డిస్కస్ అబౌట్’ అనే రాశాను. చదివినవాళ్లకు అర్థమైపోయేది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఒకసారి నా రిపోర్ట్‌ను సరిచూసిన పెద్దాయన నాలుగు చోట్ల ‘అబౌట్’ చుట్టూ సున్నా చుట్టి తిప్పి పంపారు. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. ‘ప్రణాళిక గురించి చర్చించాం’ అంటాం కదా, ‘గురించి’కి ‘అబౌట్’ పెడితే తప్పేమిటని నాకు రెండు రోజులు తెగలేదు. తప్పు ఆ ప్రశ్నలోనే ఉందని తర్వాత తెలిసింది. ప్రిపొజిషన్‌ను తెలుగు విభక్తి నుంచి తెచ్చుకోవాలని చూస్తున్నాను. దాన్ని నిర్ణయించేది వాక్యంలో దానికి ఎడమ పక్కనున్న ఇంగ్లిష్ మాట. అక్కడ తేలకపోతే కుడి పక్కనున్న మాట. కింది పద్ధతి అంతా ఈ ఒక్క అలవాటు చేసుకోవడానికే.

మొదటి మెట్టు: విభక్తిని పక్కన పెట్టండి

‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని చిన్నప్పుడు వల్లె వేసినవాళ్లం. మన విభక్తి నామం వెనక అతుక్కుంటుంది, ఇంగ్లిష్ ప్రిపొజిషన్ నామానికి ముందు నిలబడుతుంది. ఈ వెనకాముందూ తేడా పెద్ద ఇబ్బంది కాదు, పదిరోజుల్లో అలవాటైపోతుంది. అసలు చిక్కు ఏమిటంటే, మన ఒక్క విభక్తి ఇంగ్లిష్‌లో ఏడెనిమిది దారులు పడుతుంది.

ఒక్క ‘కి’నే తీసుకుని చూద్దాం. ‘ఐదింటికి రండి’ అన్నప్పుడు అది ‘ఎట్ ఫైవ్’. ‘సోమవారానికి ఇచ్చేయాలి’ అంటే ‘బై మండే’. ‘గదికి తాళంచెవి’ అంటే ‘ద కీ టు ద రూమ్’. ‘రోజుకు రెండుసార్లు’ అంటే ‘ట్వైస్ ఎ డే’, ఇక్కడ ప్రిపొజిషనే లేదు. ‘అతనికి చెప్పాను’ అంటే ‘ఐ టోల్డ్ హిమ్’, ఇక్కడా లేదు. కానీ ‘అతనికి వివరించాను’ అంటే ‘ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు హిమ్’, ఇక్కడ మాత్రం ‘టు’ తప్పనిసరి. చెప్పడానికీ వివరించడానికీ తెలుగులో ‘కి’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో ‘టెల్’ దారి వేరు, ‘ఎక్స్‌ప్లెయిన్’ దారి వేరు. అందుకే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అని ఒకవైపు, ‘టోల్డ్ టు మీ’ అని ఇంకోవైపు రెండు తప్పులూ మన రాతల్లో కనిపిస్తాయి.

‘ఆలస్యానికి కారణం’ ఇంకా బాగా చూపిస్తుంది. ‘రీజన్’ అనే మాట వాడితే ‘ద రీజన్ ఫర్ ద డిలే’ అవుతుంది. ‘కాజ్’ వాడితే ‘ద కాజ్ ఆఫ్ ద డిలే’. తెలుగులో విభక్తీ అదే, ‘కారణం’ కూడా అదే. ఇంగ్లిష్‌లో ఎడమ పక్క మాట మారగానే ప్రిపొజిషన్ కూడా మారిపోయింది. అర్థాన్ని బట్టి ఊహించి ఉంటే ఇది ఎన్నటికీ దొరకదు.

‘తో’, ‘మీద’, ‘లో’ కూడా ఇంతే. జ్వరంతో బాధపడితే ‘సఫర్ ఫ్రమ్’, ఒకరితో పెళ్లయితే ‘మ్యారీడ్ టు’, సీసా నీళ్లతో నిండితే ‘ఫిల్డ్ విత్’, అదే నిండుగా ఉందంటే ‘ఫుల్ ఆఫ్’. ఒకరి మీద అరిస్తే ‘షౌట్ ఎట్’, కోపం వస్తే ‘యాంగ్రీ విత్’, నమ్మకం ఉంటే ‘ఫెయిత్ ఇన్’, గౌరవం ఉంటే ‘రెస్పెక్ట్ ఫర్’. ‘యాంగ్రీ ఆన్ మీ’ అనే తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

రెండో మెట్టు: ఎడమ పక్కకు చూడండి

ప్రిపొజిషన్ దగ్గర అనుమానం రాగానే, దానికి ముందు ఏ మాట ఉందో దాని మీద వేలు పెట్టండి. అది క్రియ కావచ్చు, విశేషణం కావచ్చు, నామం కావచ్చు. ఆ మాటకు తనదంటూ ఒక ప్రిపొజిషన్ ఉందేమో ముందు చూడాలి. ఉంటే ఇక ఆలోచించే పనిలేదు, అదే పెట్టాలి. ‘డిపెండ్’ తర్వాత ‘ఆన్’, ‘ఇన్సిస్ట్’ తర్వాత ‘ఆన్’, ‘కన్సిస్ట్’ తర్వాత ‘ఆఫ్’, ‘కంప్లై’ తర్వాత ‘విత్’. ‘ఇంట్రెస్టెడ్’ అయితే ‘ఇన్’, ‘కేపబుల్’ అయితే ‘ఆఫ్’, ‘సిమిలర్’ అయితే ‘టు’. మ్యాథ్స్‌లో బాగా చేస్తాడంటే ‘గుడ్ ఇన్’ కాదు, ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’. ‘సీనియర్’, ‘సుపీరియర్’ తర్వాత ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది.

వీటికి కారణాలు వెతుక్కుంటూ కూర్చోకండి. కొన్నింటికి ఉంటాయి, చాలావాటికి మనకు ఉపయోగపడేంత స్పష్టంగా ఉండవు. మాటనూ ప్రిపొజిషన్‌నూ కలిపి ఒకే మాటగా నేర్చుకోవడమే తేలిక. నోట్‌బుక్‌లో ‘డిపెండ్ అంటే ఆధారపడు’ అని రాసుకుంటే సగం పనే అయినట్టు. ‘డిపెండ్ ఆన్’ అని రాసుకోవాలి.

కొన్ని మాటలకు రెండు ప్రిపొజిషన్లు ఉంటాయి. మనిషికి ఒకటి, విషయానికి ఇంకొకటి. ఒకరికి క్షమాపణ చెబితే ‘అపాలజైజ్ టు’, ఆలస్యం చేసినందుకు అయితే ‘అపాలజైజ్ ఫర్’. రెండూ కలిపి ‘ఐ అపాలజైజ్డ్ టు హర్ ఫర్ ద డిలే’ అనొచ్చు. కంపెనీకి దరఖాస్తు అయితే ‘అప్లై టు’, ఉద్యోగం కోసం అయితే ‘అప్లై ఫర్’. ఒక పని బాధ్యత మీదైతే మీరు ‘రెస్పాన్సిబుల్ ఫర్’ అవుతారు, మీరు ఎవరికి జవాబుదారీయో ఆ మనిషికి ‘రెస్పాన్సిబుల్ టు’. మనిషితో ఏకీభవిస్తే ‘అగ్రీ విత్’, ప్రతిపాదనకు ఒప్పుకుంటే ‘అగ్రీ టు’, అందరూ కలిసి ఒక తేదీ ఖాయం చేసుకుంటే ‘అగ్రీ ఆన్’.

మూడో మెట్టు: అసలు ప్రిపొజిషన్ కావాలా?

మనలో చాలామంది ప్రిపొజిషన్ వదిలేస్తామని భయపడతారు. నా అనుభవంలో తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో అక్కర్లేనిది తెచ్చి పెట్టడమే ఎక్కువ. అందుకే ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

కొన్ని క్రియలు ప్రిపొజిషన్ లేకుండా నేరుగా కర్మను పట్టుకుంటాయి. ‘డిస్కస్ ద ప్లాన్’, ‘ఎంటర్ ద రూమ్’, ‘రీచ్ ది ఆఫీస్’, ‘కాంటాక్ట్ హిమ్’, ‘ఇన్‌ఫార్మ్ ద మేనేజర్’, ‘ఎంఫసైజ్ ద పాయింట్’, ‘ఆన్సర్ ద క్వశ్చన్’, ‘రిజెంబుల్ హిజ్ ఫాదర్’, ‘రిక్వెస్ట్ మోర్ టైమ్’. వీటి మధ్యలో ‘అబౌట్’, ‘ఇంటూ’, ‘టు’, ‘ఆన్’, ‘ఫర్’ ఏదీ దూరదు.

మరి ఇంతమంది ఎందుకు దూరుస్తున్నారు? తెలుగు విభక్తి ఒక కారణం. ‘మేనేజర్‌కి తెలియజేశాను’లోని ‘కి’ కాస్తా ‘ఇన్‌ఫార్మ్డ్ టు ద మేనేజర్’ అయిపోతుంది. రెండో కారణం అంత తొందరగా కనిపించదు. ఈ క్రియల నామరూపాలు చాలావాటికి ప్రిపొజిషన్ కావాలి. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద ప్లాన్’ సరైనదే. ‘ఎ రిక్వెస్ట్ ఫర్ మోర్ టైమ్’, ‘ఎంఫసిస్ ఆన్ ద పాయింట్’, ‘ది ఆన్సర్ టు ద క్వశ్చన్’, ‘ల్యాక్ ఆఫ్ టైమ్’ అన్నీ సరైనవే. నామంతో విన్న ప్రిపొజిషన్ మెల్లగా క్రియ వెనక కూడా వచ్చి చేరుతుంది. కాబట్టి ‘రిక్వెస్ట్’ కనిపిస్తే అది ఇక్కడ క్రియా, నామమా అని అడగండి. ముందు ‘ఎ’, ‘ద’, ‘యువర్’ లాంటివి ఉంటే చాలావరకు నామమే, ‘ఫర్’ పెట్టండి. ‘ఐ’, ‘వుయ్’, ‘దే’ రిక్వెస్ట్ చేస్తుంటే క్రియ, ‘ఫర్’ తీసేయండి. ‘డిమాండ్’, ‘ఆర్డర్’, ‘ల్యాక్’ కూడా ఇదే పరీక్షకు లొంగుతాయి.

‘కంప్రైజ్’ కథ కొంచెం వేరు. దీని పక్కింటి మాట ‘కన్సిస్ట్’కు ‘ఆఫ్’ ఉంది కాబట్టి దీనికీ అంటుకుంది. ‘ద రిపోర్ట్ కన్సిస్ట్స్ ఆఫ్ ఫోర్ పార్ట్స్’ అనండి, లేదా ‘ద రిపోర్ట్ కంప్రైజెస్ ఫోర్ పార్ట్స్’ అనండి. రెండూ కలిపి ‘కంప్రైజెస్ ఆఫ్’ చేయకండి. ‘డిస్పైట్’, ‘ఇన్ స్పైట్ ఆఫ్’ జంట కూడా అలాంటిదే. ‘డిస్పైట్ ద రెయిన్’ చాలు. ‘ఆఫ్’ కావాలంటే ‘ఇన్ స్పైట్ ఆఫ్’ వాడుకోండి. ‘కోప్ అప్ విత్’లోని ‘అప్’ ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు, ‘కీప్ అప్ విత్’ నుంచో ‘పుట్ అప్ విత్’ నుంచో వచ్చి ఉంటుంది. కావలసింది ‘కోప్ విత్’ మాత్రమే.

ఒక మెలిక కూడా ఉంది. ‘ఎంటర్ ద రూమ్’లో ‘ఇంటూ’ తప్పు. ఒప్పందం కుదుర్చుకుంటే మాత్రం ‘ఎంటర్ ఇంటూ యాన్ అగ్రిమెంట్’ అనాలి. ‘అటెండ్ ద మీటింగ్’ అంటే మీటింగ్‌కు వెళ్లడం, ‘అటెండ్ టు ద ప్రాబ్లమ్’ అంటే సమస్యను పట్టించుకోవడం. ఒకే క్రియ, రెండు పనులు.

‘నెక్స్ట్’, ‘లాస్ట్’, ‘దిస్’, ‘ఎవ్రీ’ ముందు కాలానికి సంబంధించిన ప్రిపొజిషన్ వేయరు. ‘ఆన్ మండే’ సరే, ‘ఆన్ నెక్స్ట్ మండే’ అక్కర్లేదు. ‘నెక్స్ట్ మండే’ చాలు.

నాలుగో మెట్టు: కుడి పక్కకు చూడండి

ఎడమ పక్క మాటకు సొంత ప్రిపొజిషన్ లేకపోతే కుడి పక్కనున్నది చెబుతుంది. అది కాలమా, చోటా?

కాలం విషయంలో నియమాలు నిజంగానే పనిచేస్తాయి. గడియారం చూపించే క్షణానికి ‘ఎట్’, పేరో తేదీయో ఉన్న రోజుకు ‘ఆన్’, రోజు కంటే పొడుగైన నెలకూ సంవత్సరానికీ ‘ఇన్’. ‘ఎట్ సిక్స్’, ‘ఆన్ ట్యూజ్‌డే’, ‘ఇన్ జులై’, ‘ఇన్ 2019’. ‘ఇన్ ద మార్నింగ్’ అంటాం. కానీ ఆ ఉదయానికి వారం పేరు తగిలిస్తే ‘ఆన్ మండే మార్నింగ్’ అవుతుంది, అక్కడ రోజుదే పైచేయి. ‘ఎట్ నైట్’ మాత్రం మొండిది, అలాగే గుర్తుపెట్టుకోండి.

గడువుల దగ్గర తప్పు చేస్తే అది వ్యాకరణంతో ఆగదు, పని చెడుతుంది. శుక్రవారంకల్లా ఇస్తానంటే ‘బై ఫ్రైడే’. శుక్రవారం వరకు తెరిచి ఉంటుందంటే ‘అన్‌టిల్ ఫ్రైడే’. ఇక్కడ మాత్రం, విభక్తిని నమ్మొద్దని ఇంతసేపూ చెప్పిన నేనే, తెలుగు సాయం తీసుకోమంటాను. మనసులో ‘కల్లా’ గానీ ‘లోగా’ గానీ ఇమిడితే ‘బై’. ‘దాకా’ ఇమిడితే, పని అప్పటిదాకా సాగుతూ ఉంటే, ‘అన్‌టిల్’. ‘ఐ విల్ సెండ్ ఇట్ అన్‌టిల్ ఫ్రైడే’ అని రాస్తే, శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానన్నట్టు ధ్వనిస్తుంది.

‘రెండు రోజుల్లో పంపిస్తాను’ అన్నది కూడా ఇలాంటి గోతిలోకే తీసుకెళ్తుంది. ‘ఇన్ టూ డేస్’ అంటే ఇప్పటి నుంచి రెండు రోజులు గడిచాక అని చదువుతారు. మీ ఉద్దేశం రెండు రోజులు దాటకముందే అని అయితే ‘వితిన్ టూ డేస్’ రాయండి. ‘ఆన్ టైమ్’ అంటే చెప్పిన వేళకు సరిగ్గా, ‘ఇన్ టైమ్’ అంటే అవసరం దాటిపోకముందే.

‘నుంచి’తో వచ్చే గందరగోళానికి మందు ఉంది. ‘2019 నుంచి’, ‘మూడేళ్ల నుంచి’ రెండింటిలోనూ మనకు ‘నుంచి’యే. ‘నుంచి’కి ముందున్నదాన్ని క్యాలెండర్‌లో వేలు పెట్టి చూపించగలిగితే ‘సిన్స్’, అది కొలత అయితే ‘ఫర్’. ‘సిన్స్ 2019’, ‘ఫర్ త్రీ ఇయర్స్’. ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాసే అలవాటు ఉంటే ఈ వేలు పరీక్షతో పోతుంది. క్రియ కూడా సరిచూసుకోవాలి. ఇప్పటికీ పనిచేస్తుంటే ‘ఐ యామ్ వర్కింగ్’ కాదు, ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’.

‘10 నుంచి 15 మధ్య’ అని మనం మాట్లాడేస్తాం. ఇంగ్లిష్‌లో ‘బిట్వీన్’ మొదలుపెడితే ‘అండ్’తో ముగించాలి, ‘ఫ్రమ్’ మొదలుపెడితే ‘టు’తో. ‘బిట్వీన్ 10 టు 15’ రెండు పడవల మీద కాళ్లు.

చోటు సంగతి. బిందువులా చూస్తే ‘ఎట్’, ఉపరితలంలా చూస్తే ‘ఆన్’, హద్దులున్న జాగాలా చూస్తే ‘ఇన్’ అని పుస్తకాలు చెబుతాయి. ‘బల్ల మీద, పెట్టెలో’ వరకు అది సరిపోతుంది. మనం రాసేది ఎక్కువగా కాగితాల గురించీ ఫైళ్ల గురించీ కాబట్టి అవి విడిగా తెలియాలి. తెలుగులో అన్నింటికీ ‘లో’యే. ఇంగ్లిష్‌లో పేజీ ఉపరితలం, ‘ఆన్ పేజ్ 12’. పేరా జాగా, ‘ఇన్ ద థర్డ్ పేరాగ్రాఫ్’. పేజీ పైభాగం బిందువు, ‘ఎట్ ద టాప్ ఆఫ్ ద పేజ్’. జాబితా ‘ఆన్ ద లిస్ట్’, పట్టిక ‘ఇన్ ద టేబుల్’, వెబ్‌సైట్ ‘ఆన్’, జత చేసిన ఫైల్ ‘ఇన్’. ‘టేబుల్’ దగ్గర పొరపడితే నవ్వులపాలే. ‘ఆన్ ద టేబుల్’ అంటే అంకెలు బల్ల మీద ఉన్నట్టు. అధ్యాయం చివరన అంటే ‘ఎట్ ది ఎండ్’, ‘చివరికి అలా తేలింది’ అనే అర్థంలో అయితే ‘ఇన్ ది ఎండ్’.

బస్సు, రైలు, విమానాలకు ‘ఆన్’, కారుకు ‘ఇన్’. లోపల లేచి నడవగలిగేవాటికి ‘ఆన్’ అనే గుర్తు చాలావరకు పనికొస్తుంది.

ఐదో మెట్టు: అంకెల దగ్గర రెండుసార్లు చూడండి

ప్రిపొజిషన్ తప్పితే వాక్యం వికారంగా ఉంటుంది, అంతే కదా అనుకుంటాం. అంకెల దగ్గర వాక్యం చక్కగానే ఉంటుంది, అర్థమే తలకిందులవుతుంది. హాజరు 15 ఉండేదనుకోండి. ‘రోజ్ బై 20’ అంటే ఇప్పుడు 35 మంది. ‘రోజ్ టు 20’ అంటే ఇప్పుడు 20 మంది. రెండూ వ్యాకరణపరంగా సరైనవే కాబట్టి ఏ గ్రామర్ చెకర్ కూడా దీన్ని పట్టుకోలేదు. మీ ఉద్దేశం ఏమిటో దానికి తెలియదు.

ఇదే నామంగా రాస్తే, ఏది పెరిగిందో చెప్పడానికి ‘ఇన్’, ఎంత పెరిగిందో చెప్పడానికి ‘ఆఫ్’. ‘యాన్ ఇన్‌క్రీజ్ ఇన్ సేల్స్’, ‘యాన్ ఇన్‌క్రీజ్ ఆఫ్ 10 పర్సెంట్’. ‘ఇన్‌క్రీజ్ ఆఫ్ సేల్స్’ అనే రూపం రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది, దాన్ని మార్చండి.

ఆరో మెట్టు: ‘టు’ రెండు వేషాలు

‘ఐ వాంట్ టు గో’లోని ‘టు’ ప్రిపొజిషన్ కాదు, ‘గో’ అనే క్రియకు ముందు తగిలించే గుర్తులాంటిది. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’లోని ‘టు’ అసలైన ప్రిపొజిషన్. ప్రిపొజిషన్ తర్వాత నామమో, ‘ఇంగ్’ రూపమో రావాలి. కాబట్టి ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ తప్పు, ‘టు హియరింగ్ ఫ్రమ్ యు’ సరి.

ఏది ఏ ‘టు’యో తేల్చుకోవాలంటే దాని తర్వాత ‘ఇట్’ పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలబడుతుంది, అంటే ప్రిపొజిషన్. ‘వాంట్ టు ఇట్’ నిలబడదు. ఈ పరీక్షలో నెగ్గే ఇంకొన్ని: ‘కమిటెడ్ టు’, ‘ఆబ్జెక్ట్ టు’, ‘ఇన్ అడిషన్ టు’, అలవాటు పడిన అర్థంలో ‘యూజ్డ్ టు’. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ లేట్’ అంటే ఆలస్యంగా పనిచేయడం నాకు అలవాటే. ‘యామ్’ తీసేసి ‘ఐ యూజ్డ్ టు వర్క్ లేట్’ అంటే ఒకప్పుడు చేసేవాణ్ని, ఇప్పుడు కాదు.

ఏడో మెట్టు: నిఘంటువును ఇలా చూడండి

అనుమానం వస్తే తెలుగు అర్థం ఇచ్చే నిఘంటువు ఈ పనికి రాదు. కావలసింది లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారైనది. ఏ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ బోధించిన అనుభవంతో సిద్ధం చేసిన నిఘంటువు 1942లో అక్కడే అచ్చయింది. ఇవాళ్టి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. మాటకు అర్థంతో పాటు, ఆ మాట వాక్యంలో దేనితో కలుస్తుందో చూపించడం దాని ప్రత్యేకత. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ లెర్నర్స్ నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

చూసేటప్పుడు ప్రిపొజిషన్ పేజీకి వెళ్లకండి. ‘ఇన్’ పేజీ తెరిస్తే అర్థాల చాంతాడు చూసి విసుగొస్తుంది. ఎడమ పక్క మాట పేజీకి వెళ్లండి. ‘రెస్పాన్సిబుల్’ తెరిస్తే ‘ఫర్’, ‘టు’ ముద్దక్షరాల్లో ఉదాహరణల ముందే ఉంటాయి. అర్థం చదవకుండా ముందు ఆ ముద్దక్షరాలు చూడటం అలవాటు చేసుకోండి. ఉదాహరణ వాక్యాల్లో ఒకటి యథాతథంగా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

రెండు రూపాల్లో ఏది ఎక్కువ వాడుకలో ఉందో చూడాలంటే గూగుల్ 2010లో తెచ్చిన ఎన్‌గ్రామ్ వ్యూయర్ ఉంది. అచ్చయిన పుస్తకాల్లో ఒక మాటల వరుస ఏ కాలంలో ఎంత తరచుగా వచ్చిందో గీతగా చూపిస్తుంది. మామూలు సెర్చ్‌లో వచ్చే లక్షల ఫలితాల అంకెను మాత్రం నమ్మకండి. తప్పు రాసే మనలాంటివాళ్ల పేజీలు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి.

బ్రిటిష్, అమెరికన్ తేడాలు కొన్ని తగులుతాయి. ‘ఎట్ ద వీకెండ్’ బ్రిటిష్, ‘ఆన్ ద వీకెండ్’ అమెరికన్. ‘డిఫరెంట్’ తర్వాత బ్రిటిష్‌వాళ్లు ‘టు’, అమెరికన్లు ‘దాన్’ కూడా వాడతారు కానీ ‘డిఫరెంట్ ఫ్రమ్’ రెండుచోట్లా చెల్లుతుంది, అది రాసుకుంటే టెన్షన్ ఉండదు.

ఎనిమిదో మెట్టు: ప్రిపొజిషన్ల కోసమే ఒకసారి చదవండి

రాసేటప్పుడే అన్నీ సరిచూసుకోవాలంటే రాత ముందుకు సాగదు. పూర్తయ్యాక, మిగతావన్నీ వదిలేసి, ప్రిపొజిషన్ల చుట్టూ సున్నాలు చుడుతూ ఒక్కసారి చదవండి. ఈ చిత్తుప్రతి చూడండి:

‘ఐ యామ్ రైటింగ్ టు ఇన్‌ఫార్మ్ టు యు దట్ వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద రిపోర్ట్ ఇన్ మండే. ఇట్ కంప్రైజెస్ ఆఫ్ ఫోర్ చాప్టర్స్. డిస్పైట్ ఆఫ్ ద డిలే, ఐ విల్ సెండ్ ఇట్ అన్‌టిల్ ఫ్రైడే.’

‘ఇన్‌ఫార్మ్’ మీద వేలు పెడితే అది క్రియ, నేరుగా ‘యు’ను పట్టుకుంటుంది, ‘టు’ పోయింది. ‘డిస్కస్డ్’ కూడా క్రియే, ‘అబౌట్’ పోయింది. ‘మండే’ పేరున్న రోజు, ‘ఇన్’ కాస్తా ‘ఆన్’ అయింది. ‘కంప్రైజెస్’ పక్కనా, ‘డిస్పైట్’ పక్కనా ఉన్న ‘ఆఫ్’లు రెండూ పోయాయి. శుక్రవారంకల్లా పంపడం కాబట్టి ‘బై’. మిగిలింది ఇది:

‘ఐ యామ్ రైటింగ్ టు ఇన్‌ఫార్మ్ యు దట్ వుయ్ డిస్కస్డ్ ద రిపోర్ట్ ఆన్ మండే. ఇట్ కంప్రైజెస్ ఫోర్ చాప్టర్స్. డిస్పైట్ ద డిలే, ఐ విల్ సెండ్ ఇట్ బై ఫ్రైడే.’

ఆరు దిద్దుబాట్లలో నాలుగు కేవలం కొట్టివేతలే.

ఈ చదువులోనే ఇంకో రెండు చూసుకోండి. ‘అండ్’తో రెండు మాటలు కలిపినప్పుడు ఇద్దరికీ ఒకే ప్రిపొజిషన్ సరిపోతుందా? ‘ఇంట్రెస్టెడ్ అండ్ కమిటెడ్ టు ద ప్రాజెక్ట్’ అంటే ‘ఇంట్రెస్టెడ్’కు అన్యాయం జరిగింది, దానికి కావలసింది ‘ఇన్’. ‘ఇంట్రెస్టెడ్ ఇన్ అండ్ కమిటెడ్ టు ద ప్రాజెక్ట్’ అని ఎవరిది వారికి ఇవ్వాలి. రెండోది ‘ఆఫ్’ల గొలుసు. ‘ద రివ్యూ ఆఫ్ ద ప్లాన్ ఆఫ్ ద ట్రైనింగ్ ఆఫ్ ద స్టాఫ్’ తప్పేమీ కాదు, కానీ ‘సిబ్బంది యొక్క శిక్షణ యొక్క ప్రణాళిక యొక్క సమీక్ష’ అన్నట్టే ఉంటుంది. ‘ద రివ్యూ ఆఫ్ ద స్టాఫ్ ట్రైనింగ్ ప్లాన్’ అంటే ఊపిరి ఆడుతుంది.

ఇక వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదన్న మాట ఒకటి ఉంది. 1672లో జాన్ డ్రైడెన్ అనే ఆంగ్ల కవి, తనకు ముందుతరం వాడైన బెన్ జాన్సన్ రాతలో ఇదొక లోపమని ఎత్తిచూపాడు. ఆ తర్వాత చాలామంది బడిపంతుళ్లు దాన్ని నియమంగానే పట్టుకున్నారు. ఇవాళ దాన్ని పట్టుకుని వేలాడే పని లేదు. ‘హూ ఆర్ యు వెయిటింగ్ ఫర్?’ చక్కటి ఇంగ్లిష్. దాన్ని తిప్పి ‘ఫర్ హూమ్ ఆర్ యు వెయిటింగ్?’ అంటే తప్పు కాదు కానీ మామూలు మెయిల్‌లో కోటు వేసుకుని నిద్రపోయినట్టుంటుంది. తీసేయాల్సింది ఒక్క రకమే, తీసేసినా అర్థం చెక్కుచెదరనిది. ‘వేర్ ఆర్ యు ఎట్?’లోని ‘ఎట్’ అలాంటిది.